జోడు దుస్తుల సాక్ష్యం

భర్త పోయాక ఒక స్త్రీ ‘నేను ఆయన భార్యను’ అని కోర్టులో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. పెళ్లి రిజిస్టర్ కాలేదు. అలాంటప్పుడు జడ్జి దేన్ని నమ్మాలి? దక్షిణాఫ్రికా సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ 2020 ఏప్రిల్ 30న త్సాంబో, సెంగాడిల కేసులో ఇచ్చిన తీర్పు ఈ ప్రశ్నకు చక్కటి జవాబు. జస్టిస్ మొలెమెలా రాసిన ఆ తీర్పు పనితనం నిదానంగా చదివితేనే తెలుస్తుంది.

ర్యాప్ గాయకుడు జాబులానీ త్సాంబో 2018 అక్టోబరులో చనిపోయారు. తాను ఆయన భార్యనని లెరాటో సెంగాడి అన్నారు, గాయకుడి తండ్రి కాదన్నారు. 2016 ఫిబ్రవరి 28న రెండు కుటుంబాలూ కూర్చుని లోబోలా మాట్లాడుకున్న మాట నిజం. మన పల్లెల్లో ఓలి లాంటిదే లోబోలా. 45,000 ర్యాండ్లకు కుదిరింది, ఒప్పందం రాసుకున్నారు, కొంత సొమ్ము ముట్టింది. కానీ వధువును లాంఛనంగా అత్తింటివారికి అప్పగించే తంతు జరగలేదు కాబట్టి అది పెళ్లే కాదని తండ్రి వాదన.

ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. ఆచార వివాహంలో అప్పగింతకు ఉన్న గౌరవం చిన్నది కాదు. 2000 నవంబరు 15న అమల్లోకి వచ్చిన ఆచార వివాహాల గుర్తింపు చట్టం అడిగేవి మూడే: ఇద్దరికీ 18 ఏళ్లు నిండాలి, ఆచారం ప్రకారం పెళ్లికి ఇద్దరూ ఒప్పుకోవాలి, ఆచారం ప్రకారమే మాట్లాడుకుని పెళ్లి జరుపుకోవాలి. రిజిస్టర్ చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదనీ చట్టమే చెప్పింది. ఏయే తంతులు ఉండాలో మాత్రం చెప్పలేదు. చట్టం వదిలిన ఆ ఖాళీని జడ్జి తన సొంత జాబితాతో నింపలేదు. ఆ రోజు రెండు కుటుంబాలూ ఏం చేశాయో చూశారు. నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

లోబోలా మాటలు ముగిశాక వరుడి దుస్తులకు జోడైన దుస్తులు సెంగాడికి కట్టించారు. వరుడి మేనత్తలు ఆమెను కోడలిగా పరిచయం చేసి తమ ఇంట్లోకి ఆహ్వానించారు. సంబరం జరిగింది. బేరం కుదిరిన సంతోషంలో చేసుకున్న వేడుక మాత్రమే అంటే నమ్మేదెలా? జోడు దుస్తులు అప్పటికప్పుడు పుట్టుకురావు, ముందే అనుకుని సిద్ధం చేసుకోవాలి. సొంత మేనత్తలే కోడలని పిలిచాక, కోడలు కాదనే హక్కు ఆ కుటుంబానికి ఎక్కడిది? పైగా ఆ జంట ఆ తర్వాత కలిసి కాపురం చేసింది.

చట్టపరంగానూ పునాది గట్టిదే. స్వాజీ సంప్రదాయంలోని ఒక తంతును పక్షాలు వదులుకోవచ్చని 2003లోనే కేప్‌టౌన్‌లోని హైకోర్టు చెప్పింది. అప్పగింతనూ అలాగే వదులుకోవచ్చని 2019లో ఎంబుంగెలా కేసులో ఇదే అప్పీలు కోర్టు తేల్చింది. మొలెమెలా ఆ దారినే నడిచారు. అప్పగింత ముఖ్యమైనదే అంటూనే, అది లేకపోతే పెళ్లే లేదనలేమన్నారు. అలా ఆచారం పరువూ నిలిచింది, ఆమె హక్కూ నిలిచింది.

ఆ హక్కు విలువ ఎంతో వారసత్వం దగ్గర తెలుస్తుంది. వీలునామా లేకుండా పోయినవారి ఆస్తిలో ఆచారం ప్రకారం పెళ్లాడిన భార్యకూ వాటా ఉంది. పెద్ద మగ వారసుడికే ఆస్తి అనే నియమాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2004లో కొట్టేసింది. అందుకే ‘భార్య’ అన్న హోదా దగ్గరే ఇప్పుడు పోరాటం.

మన దగ్గరా ఇలాంటి చిక్కులున్నాయి. గుడిలో దండలు మార్చుకున్నవాళ్లు, మారుమనువు చేసుకున్నవాళ్లు పొలం పంపకాల వేళ ఇదే ప్రశ్న ఎదుర్కొంటారు. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఇరుపక్షాల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా పెళ్లి చేసుకోనిస్తుంది. 1978లో బద్రీ ప్రసాద్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దాదాపు యాభై ఏళ్ల కాపురాన్ని చూసి, అది పెళ్లేనని భావించాలన్నారు. సెంగాడికి అన్నేళ్ల కాపురం అండ లేదు. అందుకే ఆమె కేసులో ఒక్క రోజును అంత శ్రద్ధగా చదవాల్సి వచ్చింది. ఆ రోజు అందరిముందూ కోడలని పిలిచినవాళ్లు, ఆస్తి వేళకు ఆ మాట వెనక్కి తీసుకోకుండా ఈ తీర్పు అడ్డుపడింది. ఆచార వివాహాల మీద తీర్పు రాసే ఏ దేశపు జడ్జి అయినా దీన్ని దగ్గర పెట్టుకోవాలి.