ఎస్తేర్ లెడర్‌బర్గ్: రెండో పేరును ఎలా చదవాలి?

ఎస్తేర్ లెడర్‌బర్గ్ గురించి ఏది చదివినా మొదటి పేరాలోనే ఒక నోబెల్ బహుమతి ఎదురవుతుంది. అది ఆమెది కాదు, భర్త జాషువాది. 1958లో జార్జ్ బీడిల్, ఎడ్వర్డ్ టాటమ్‌లతో కలిసి అతను దాన్ని అందుకున్నాడు. మరుగునపడ్డ స్త్రీ శాస్త్రవేత్తల గురించి ఇటీవల వస్తున్న రచనలు చాలావరకు ఆమె కథను ఈ రాని బహుమతితో మొదలుపెట్టి దానితోనే ముగిస్తున్నాయి. ఈ కథనంతో నాకు పేచీ ఉంది. కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంలో ఆమె చేసిన పని మరోసారి కనబడకుండా పోతోంది. ఒక ప్రశ్న వెంటపడి జవాబు రాబట్టిన మనిషిగా కాక, కేవలం బాధితురాలిగానే ఆమె మనకు పరిచయమవుతోంది. ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్ బార్బరా మెక్లింటాక్ జీవితాన్ని రాసినప్పుడు ఇలా చెయ్యలేదు. మెక్లింటాక్‌కు నోబెల్ వచ్చిన 1983లోనే, ఆ ప్రకటన కంటే ముందే వెలువడిన ఆ పుస్తకం బలమంతా మొక్కజొన్న గింజల మీది మచ్చల్ని ఆమె ఎలా చూసిందో చెప్పడంలో ఉంది.

ఎస్తేర్ ఏం చూసింది?

1922లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టిన ఎస్తేర్ జిమ్మర్, హంటర్ కాలేజీలో చదివి, 1946లో స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్ పూర్తిచేసింది. ఆ ఏడాది చివర్లోనే పెళ్ళి. 1950లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకుంది. ఇ.కోలై బాక్టీరియాలో మ్యుటేషన్ జరిగే స్వభావాన్ని జన్యువులు ఎలా నియంత్రిస్తాయన్నది ఆమె పరిశోధనాంశం.

అప్పటికి ఆ రంగాన్ని వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. కోట్లాది బాక్టీరియా మీద స్ట్రెప్టోమైసిన్ ప్రయోగిస్తే దాదాపు అన్నీ చచ్చిపోతాయి, ఏవో కొన్ని బతుకుతాయి. ఆ కొన్ని మందు తగలడం వల్ల మారాయా? లేక మందుతో ఏ సంబంధమూ లేకుండా ముందే మారి ఉన్నాయా? మందుకు బదులు బాక్టీరియాను చంపే వైరస్‌తో 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ ఇదే ప్రశ్న వేసి, రెండోదే నిజమని గణాంకాలతో వాదించారు. కానీ లెక్కల వాదన అందరి గొంతూ దిగదు. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు దాన్ని కంటికి చూపించారు. ఒక గుండ్రటి దిమ్మెకు మఖమల్ గుడ్డ బిగించి, బాక్టీరియా పెరిగిన పళ్ళేన్ని దాని మీద బోర్లించి అద్దారు. మఖమల్ నూగు ప్రతి చోటి నుంచీ కాసిని కణాలను పట్టుకుంటుంది. అదే గుడ్డ మీద కొత్త పళ్ళేలను వరసగా అద్దితే ఎక్కడివి అక్కడే ఉన్న నకళ్ళు తయారవుతాయి. మందు కలిపిన నకళ్ళన్నిటిలోనూ ఒకే చోట బాక్టీరియా మొలిచిందంటే, మందు తగలని అసలు పళ్ళెంలో సరిగ్గా ఆ చోటే, ముందునుంచే, మందుకు లొంగని కణాలున్నాయన్నమాట. అసలు పళ్ళెంలోని ఆ చోటు నుంచి తీసి, పెంచి, మళ్ళీ అద్ది, చివరికి మందు మొహమే చూడని నిరోధక బాక్టీరియాను వేరుచేశారు. అద్దకం పని దగ్గర నిలబడి చూసినవాళ్ళకు ఈ ప్రయోగంలోని అందం వేరే చెప్పక్కర్లేదు.

మొదట్లో ఎస్తేర్ తన పౌడర్ పఫ్‌తోనే ఇలా అద్ది చూసిందని చెబుతారు. ముచ్చటైన కథే. కానీ ఆడమనిషి కనిపెట్టినదాని గురించి మాట్లాడేటప్పుడు అలంకరణ పెట్టె ఎంత చప్పున తెరుచుకుంటుందో! ఏ గుడ్డ పనికొస్తుంది, ఎంత తేలిగ్గా అద్దాలి అన్నది తేల్చే నేర్పు ఆ కథలో ఉండదు.

మనలాంటి వాళ్ళం జాగ్రత్తపడాల్సిన చోటు కూడా ఇక్కడే ఉంది. 'అణచివేత కంటే ముందే ప్రతిఘటన ఉంది' అంటూ ఈ ప్రయోగాన్ని మన నినాదాల్లోకి లాక్కోవడం చాలా తేలిక. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట కాబట్టి కాలు జారినట్టు కూడా తెలియదు. తెలుగు మనల్ని కాపాడుతుంది. బాక్టీరియాది నిరోధకత, మనది ప్రతిఘటన. ఆ కణం దేన్నీ ఎదిరించాలనుకోలేదు. ఆ మార్పు వెనక ఏ ఉద్దేశమూ లేదని చూపడమే ఆ ప్రయోగం సాధించిన పని.

శాస్త్రవేత్తలు మాత్రం రూపకాలను ధారాళంగా వాడారు. 1952లోనే ఎస్తేర్, జాషువా, ఇటలీకి చెందిన లూకా కవాల్లి కలిసి బాక్టీరియా సంపర్కానికి కారణమైన 'ఎఫ్' కారకం గురించి రాశారు. అది ఉన్న కణం లేని కణానికి జన్యుపదార్థాన్ని అందిస్తుంది. ఇచ్చేది మగ, పుచ్చుకునేది ఆడ అని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు రాశాయి. తమాషా ఏమిటంటే ఎఫ్ అంటువ్యాధిలా పాకుతుంది. దాన్ని పుచ్చుకున్న 'ఆడ' కణం తనూ 'మగ' అయిపోతుంది! మగతనం జలుబులా అంటుకుంటున్నా ఆ పేర్లు మార్చాలని చాలాకాలం ఎవరికీ తోచలేదు కాబోలు. బోనీ స్పానియర్ 1995లో అణుజీవశాస్త్రం మీద రాసిన పుస్తకంలో ఈ భాషనే నిలదీసింది.

ఇక పేర్ల సంగతి. ఇ.కోలైలో కె-12 అనే రకాన్ని ఎస్తేర్ పుట్టిన ఏడాదే స్టాన్‌ఫర్డ్‌లో ఒక రోగి నుంచి సేకరించారు. ఇన్నేళ్ళుగా దానిలో ఒక వైరస్ నిశ్శబ్దంగా దాగి ఉందని 1950లో కనిపెట్టింది ఎస్తేర్. అదే లాంబ్డా. 1951 నాటి చిన్న ప్రకటన ఆమె ఒక్కదాని పేరుతో ఉంది. 1953 నాటి వివరమైన వ్యాసంలో ఆమె పేరు ముందు, జాషువా పేరు తర్వాత. మఖమల్ వ్యాసంలో అతని పేరు ముందు. అంటే ఈ వరసకు అర్థం ఉంది, చదివితే తెలుస్తుంది. కానీ ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కావడంతో, పుస్తకాల్లో 'లెడర్‌బర్గ్' అని కనబడగానే అందరికీ గుర్తొచ్చింది జాషువాయే. 'నా భార్య సహకారం మరువలేనిది' అని ముగిసే పీఠికలు మనమూ బోలెడు చదివాం కదా, ఆ సహకారం ఏమిటో చెప్పినవి ఎన్ని?

అలాగని బహుమతిని ఆమె దగ్గర దొంగిలించారనడం సరికాదు. బాక్టీరియాలో జన్యువుల కలయికను జాషువా, టాటమ్ 1946లో, ఆ పెళ్ళికి ముందే కనిపెట్టారు. ఆ బహుమతికి మూలం అది. ఎస్తేర్‌కు జరిగిన అన్యాయం ఇంతకంటే సాదాసీదాది, ఏళ్ళ తరబడి సాగింది. 1959లో ఇద్దరూ స్టాన్‌ఫర్డ్‌కు వెళ్ళారు. అతను అక్కడి కొత్త జన్యుశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. ఆమెకు శాశ్వత ఆచార్య పదవి ఏనాడూ రాలేదు. 1966లో విడిపోయారు. 1974లో ఆమెది అనుబంధ ప్రొఫెసర్ పదవి, అదీ భద్రత లేనిది. అప్పటికి లాంబ్డా ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నిత్యం వాడుకలో ఉంది.

1976 నుంచి దాదాపు పదేళ్ళు స్టాన్‌ఫర్డ్‌లోని ప్లాస్మిడ్ రిఫరెన్స్ సెంటర్‌ను ఆమె నడిపింది. 'ప్లాస్మిడ్' అన్న మాటను 1952లో పుట్టించింది జాషువా. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో తెచ్చే ప్లాస్మిడ్‌లకు ఒకదాని పేరు ఇంకొకదానికి తగలకుండా పేర్లూ నంబర్లూ కేటాయించి, వాటి నమూనాలను భద్రపరచడం ఆ కేంద్రం పని. 1985లో రిటైరయ్యాక కూడా ఆమె ఆ పని వదల్లేదు. 2006లో చనిపోయింది.