కాలదోషం పట్టని నోటు

‘జాన్ విక్: చాప్టర్ 2’ 2017లో వచ్చినప్పుడు థియేటర్లో చూసి పెదవి విరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 2014 నాటి మొదటి సినిమాలో కుక్కపిల్ల ఉంది. చనిపోతూ భార్య హెలెన్ పంపిన ఆఖరి కానుక అది. దాన్ని చంపారన్న ఒక్క కారణం చాలు, జాన్ ఎంతమందిని కాల్చినా మనం అతని పక్షమే. రెండోదాంట్లో అలాంటిదేం లేదే, ఒక పతకం కోసం ఇన్ని శవాలా అని ఫ్రెండ్స్‌తో గొడవపడ్డాను కూడా. ఈమధ్య మళ్ళీ చూశాను. అప్పుడు నేను పొరబడ్డాను. (ముందే చెబుతున్నా, కథంతా చెప్పేస్తాను.)

తుపాకులన్నీ నేలమాళిగలో పాతిపెట్టి, పైన కాంక్రీటు పోసి, ఇక అయిపోయిందనుకున్న జాన్ ఇంటి తలుపు తడతాడు శాంటినో డాంటోనియో. మంచి సూటు, మంచి మాట. గొంతు పెంచడు. కూర్చుని ఒక లోహపు బిళ్ళ ముందు పెడతాడు. మార్కర్ అంటారు దాన్ని. తెరిస్తే లోపల ఎండిన నెత్తుటి వేలిముద్ర. అది జాన్‌ది.

మనకి దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు. అది ప్రోనోటు.

నా చిన్నప్పుడు మా ఇంటికి ఒకాయన ఆదివారాలు వచ్చేవాడు. అక్క పెళ్ళికి ఆదుకున్న మనిషి. ఆయన డబ్బు అడగడం నేనెప్పుడూ వినలేదు. “ఏరా, బాగా చదువుతున్నావా?” అని నన్ను పలకరించి, టీ తాగి వెళ్ళిపోయేవాడు. ఆయన ఉన్నంతసేపూ నాన్న సొంతింట్లో కుర్చీ అంచున కూర్చునేవాడు. శాంటినో కూర్చున్న తీరు చూసి నాకు గుర్తొచ్చింది ఆ కుర్చీయే.

అసలు ఆ అప్పు ఎందుకు చేశాడు జాన్? ఈ వృత్తి వదిలి హెలెన్‌తో బతకడానికి. వదలాలంటే ఎవరివల్లా కాని ఒక పని ఒక్క రాత్రిలో చేయాలి, దానికి శాంటినో సాయం పట్టాడు. అంటే మొదటి సినిమాలో మనం కన్నీళ్ళు పెట్టుకున్న ఆ కాపురం మొత్తం చేబదులు మీద నడిచిందన్నమాట. కుక్కపిల్ల కూడా ఆ లెక్కలోదే. సీక్వెల్ కథని ముందుకు లాగడమే కాదు, వెనక్కి వెళ్ళి పాత సుఖం కింద ఉన్న తాకట్టు కాగితం తీసి చూపిస్తుంది. రచయిత డెరెక్ కోల్‌స్టాడ్‌కి ఇందుకు దండం పెట్టాలి.

మన ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. మార్కర్‌కి అది లేదు. జాన్ కాదంటాడు. శాంటినో ఆ ఇల్లు తగలబెడతాడు, హెలెన్ ఫొటోలతో సహా.

అప్పు తీర్చడమంటే రోమ్ వెళ్ళి శాంటినో అక్క జియానాని చంపడం. సినిమాకి ప్రాణం ఈ సీనే. తప్పించుకోలేనని ఆమెకి తెలుసు. తన చావు తన చేతిలోనే ఉండాలని మణికట్లు కోసుకుని స్నానపు తొట్టిలోకి దిగుతుంది. జాన్ ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఎలాగూ పోతున్న మనిషి. అయినా, స్పృహ తప్పాక, తలలోకి కాలుస్తాడు. మొదటిసారి చూసినప్పుడు అది జాలి అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించలేదు. బాకీ చెల్లాలంటే ఆ పని తనే చేసి ఉండాలి, అంతే. కీను రీవ్స్ ముఖంలో ఏమీ కదలదు. నటన రాదని అతన్ని వెక్కిరించేవాళ్ళకి ఈ సీను చూపించండి.

‘బాషా’లో పాత మాణిక్యం బయటికొస్తే థియేటర్ ఈలలతో ఊగిపోయింది. మనకి గతం తిరిగి రావడమంటే పండగ. ఇక్కడ ఈల వేయడానికి నోరు రాదు.

లోపాలు లేవా? ఉన్నాయి. జియానా లాంటి పాత్రని పది నిమిషాల్లో పంపించేశారు. రూబీ రోజ్ చేసిన మూగ అంగరక్షకురాలు చూపులకే పరిమితం. అద్దాల గది ఫైట్ అందంగా ఉంది, కాకపోతే ఆ అందం దర్శకుడికి కూడా బాగా తెలిసిపోయింది. ఒకప్పుడు ‘మేట్రిక్స్’లో రీవ్స్‌కి స్టంట్ డబుల్ చేసిన చాడ్ స్టాహెల్‌స్కీకి ఎక్కడ ఆపాలో ఒక్కోసారి తోచదేమో. నా ఓటు మెట్రో స్టేషన్ సీనుకి: జనం మధ్య నడుస్తూ, కోట్ల చాటునుంచి ఇద్దరు సైలెన్సర్ తుపాకులతో కాల్చుకుంటుంటే ఒక్కరూ తలతిప్పరు.

బాకీ తీరాక శాంటినో ఏం చేస్తాడు? అక్కని చంపినందుకు జాన్ తలకి 70 లక్షల డాలర్ల వెల కడతాడు. ఫోన్ అందుకున్న ఆడవాళ్ళు అది చెల్లింపుల విభాగమని చెబుతారు. పాత కంప్యూటర్లు, డయల్ ఫోన్లు, నల్లబల్ల మీద సుద్దముక్కతో పేరు. హత్యకి ఇంత గుమాస్తా మొహం పెట్టిన సినిమా నేనింకోటి చూడలేదు.

ఈ లోకానికి రెండే నియమాలు: కాంటినెంటల్ హోటల్లో రక్తం చిందకూడదు, మార్కర్‌ని కాదనకూడదు. రెండోదాన్ని అక్షరాలా పాటించిన జాన్, హోటల్లో దాక్కుని తాపీగా భోంచేస్తున్న శాంటినోని విన్‌స్టన్ వారిస్తుండగానే కాల్చేస్తాడు. విన్‌స్టన్ గంట సమయం ఇస్తాడు. సెంట్రల్ పార్కులో జనం ఫోన్లు ఒక్కొక్కటే మోగడం మొదలవుతాయి. పేరు కూడా పెట్టని రెండో కుక్కని వెంటబెట్టుకుని జాన్ పరిగెడతాడు.