వాక్స్మృతియు మస్తిష్క చిత్రణమును

వినిన మాటలను వాక్యము ముగియువఱకు మనస్సున నిలుపుకొననిదే అర్థబోధ కలుగదు. కర్తృకర్మలు ముందు వచ్చి క్రియ తుదిని నిలుచు తెలుగున ఈ విషయము మఱింత స్పష్టము. ఈ తాత్కాలిక ధారణశక్తిని మన మిచట వాక్స్మృతి యందుము. మెదడున దీని స్థానమును చూపితి మను పరిశోధనలను భాషావిద్యార్థు లెంతవఱకు గ్రహింపవచ్చునో విచారింతము.

1974లో బాడ్లీ, హిచ్ అను మనశ్శాస్త్రజ్ఞులు వ్యవహారస్మృతి సిద్ధాంతమును ప్రతిపాదించిరి. దాని వాగంశము తరువాత రెండుగా విభక్తమయ్యెను: ధ్వనులను నిలుపు కోశ మొకటి, వానిని లోలోపల వల్లించు వ్యాపారము మఱియొకటి. 1993లో పౌలేసు, ఫ్రిత్, ఫ్రాకోవియాక్ అను వారు రక్తప్రసారమును కొలుచు పొజిట్రాన్ చిత్రణముచే ఈ విభాగమును పరీక్షించిరి. ఇంగ్లీషు అక్షరములను గుర్తుంచుకొనుట ఒక పని. ఆ అక్షరముల పేళ్లు 'బి'తో ప్రాస కలియునో లేదో చెప్పుట వేఱొక పని. తామెఱుగని కొరియా అక్షరములను ఆకారముచే గుర్తించుట తులనకై పెట్టిన పని. బ్రోకా ప్రాంతము రెండింటను చురుకుగా నుండెను. ఎడమవైపు సుప్రామార్జినల్ మడత మొదటి పనియందే కానవచ్చెను. కావున వల్లెకు బ్రోకా ప్రాంతము, కోశమునకు ఆ మడత స్థానములని వారు నిర్ణయించిరి.

ఈ యుక్తి మెచ్చదగినదే. అయినను మూడు ఆక్షేపణలు కలవు.

మొదటిది పద్ధతిని గూర్చినది. ఒక చిత్రమునుండి మఱియొక చిత్రమును తీసివేయుటలో, ఒక వ్యాపారము చేరినంతమాత్రమున తక్కినవి మాఱవను ఊహ దాగియున్నది. ఒక ప్రాంతము పని చేయుచున్నదనుట, అది లేనిదే పని జరుగదనుట ఒకటి కావు. 2008లో బుక్స్‌బామ్, డెస్పొజిటోలు అట్టి కోశమునకు ఏకైకస్థానము కలదను మతమునే శంకించిరి.

రెండవది: అక్షరముల వరుస వాక్యము కాదు. 1984లో వల్లార్, బాడ్లీలు వర్ణించిన ఒక రోగిణి, వినిన అంకెలలో రెండు మూడింటికి మించి తిరిగి చెప్పజాలకున్నను, సామాన్యవాక్యములను చక్కగా గ్రహించెను. పదక్రమమే ప్రధానమైన దీర్ఘవాక్యములందే తడబడెను. వరుసను నిలుపు శక్తియే అర్థమును కూర్చు శక్తియని చెప్పుటకు వీలులేదు.

మూడవది మన భాషకు సంబంధించినది. ఇంగ్లీషున 'బి, డి, టి' అను పేళ్లు తుదిస్వరముచే ప్రాస కలియును. తెలుగున క, గ, త, ప లన్నియు అకారాంతములే. ఆ పరీక్షలో అన్నియు కలిసినట్లే యగును. పైగా మన ఛందస్సున ప్రాస యనగా పాదమున రెండవ యక్షరపు హల్లు సామ్యము. వారి ప్రాస మన అంత్యప్రాసకు సన్నిహితము. ఆ ప్రయోగమును ఉన్నదున్నట్లు మనవారికి పెట్టినచో, వచ్చు చిత్రము వేఱొక ప్రశ్నకు సమాధాన మగును.

ఇందువలన చిత్రణము నిరర్థకమని మా యభిప్రాయము కాదు. చిత్రము స్థానమును సూచించును; ఏ వ్యాపారమునకు స్థానమో నిర్ణయించునది ముందుగా చేసిన భాషావిశ్లేషణమే. ఆ విశ్లేషణము తెలుగునకు చేయవలసిన భారము యంత్రజ్ఞులది కాదు, మనది.