ఇరుసు ముట్టిన చెయ్యి

దసరా దగ్గర పడితే కొడంగల్‌లో ఏ ఇంటి ముందు చూసినా నీళ్ల చప్పుడే. ట్రాక్టరు, ఆటో, మోటారు సైకిలు, కారు అన్నీ స్నానం చేస్తాయి. పండుగనాడు వాటికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. పానాలు, సుత్తి, జాకీ కూడా ఆ పూజలో కూర్చుంటాయి. పనిముట్టుకు మొక్కడం వెనక ఒక పని ఉందని నాకు తెలిసింది మా తాతను చూసి. దూరప్రయాణం ఉందంటే ముందురోజు సాయంత్రమే ఎడ్లబండి ఇరుసు కింద దుంగ పెట్టి, శీల ఊడదీసి, చక్రం బయటికి లాగి కందెన వేసేవాడు. బండి తోలేవాడే దాని చక్రం విప్పి చూసుకోవాలన్నది ఆనాటి నియమం. ఇంటి ముందు కారు వెనుక బ్రేకు డిస్కులు మార్చుకోవడాన్ని నేను ఆ కందెన పనికి కొనసాగింపుగానే చూస్తాను.

అరుగుదల కన్నా తుప్పే ఎక్కువ

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. కాలు నొక్కగానే రెండు పక్కల నుంచీ ప్యాడ్లు దాన్ని పట్టుకుంటాయి. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో దీనికి పేటెంటు పొందాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు చెవులు పగిలేలా కీచుమనేవి. 1953 లె మాన్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ గెలిచాక ఈ పద్ధతి మీద లోకానికి గురి కుదిరింది.

మన దగ్గర చాలా కార్లకు ఇప్పటికీ వెనుక డ్రమ్ములే. బ్రేకు తొక్కితే బరువు ముందుకు ఒరుగుతుంది, కాబట్టి ఎక్కువ పని ముందు చక్రాలదే. వెనుక డిస్కుకు పని తక్కువ, అందుకే తుప్పు ఎక్కువ. వానాకాలంలో నల్లరేగడి బురద పట్టిన కారు రోజుల తరబడి కదలకుండా నిలబడితే డిస్కు మీద తుప్పు పేరుకుంటుంది. తాండూరు వైపు తిరిగే బండ్లకు రాతి పొడి తోడవుతుంది. ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఇరుక్కున్న నలుసు గీత గీసి పోతుంది.

వేలు ఆనిస్తే తెలిసే లోతైన గీతలు, అంచున లేచిన గట్టు, బ్రేకు వేసినప్పుడు సీటు కింద అదురు కనిపిస్తే చక్రం విప్పి చూడాలి. స్టీరింగు అదిరితే అనుమానం సాధారణంగా ముందు డిస్కుల మీదికి పోతుంది. ఎంత అరిగే వరకు వాడొచ్చో డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది. 10 మిల్లీమీటర్ల డిస్కుకు ఆ హద్దు సుమారు 8 దగ్గర ఉంటుంది. రెండు వెనుక డిస్కులనూ జతగా మార్చాలి, వాటితో పాటు ప్యాడ్లనూ.

నేల నుంచి మొదలు

మా ఇళ్ల ముందు పరిచేవి తాండూరు బండలు. సమంగా ఉంటాయి గనుక ఈ పనికి అనువైన నేల. అయితే బండ కింద మన్ను జారి బోలు ఏర్పడితే జాకీ బరువుకు పగులుతుంది. ముందు తట్టి చూడాలి, మందపాటి చెక్క వేసి దాని మీదే జాకీ, స్టాండు పెట్టాలి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డురాళ్లు పెట్టాలి. వెనుక చక్రం తిరగాలి కనుక హ్యాండ్ బ్రేకు దించాలి. చక్రం నట్లను కారు నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. బరువు స్టాండు మీదికి చేరాకే చెయ్యి లోపలికి పోవాలి. విప్పిన చక్రాన్ని కారు కిందికి తోసి ఉంచితే అదొక రెండో రక్ష.

ఒక పక్క పూర్తి చేశాకే రెండో పక్క విప్పాలి. ఏ క్లిప్పు ఎటు కూర్చుందో అనుమానం వస్తే విప్పని పక్క చూపిస్తుంది.

ప్యాడ్లను పట్టి నొక్కే క్యాలిపర్ బోల్టులు తీసి, దాన్ని తీగతో స్ప్రింగుకు వేలాడదీయాలి. బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు. ప్యాడ్లు, బ్రాకెట్టు తీశాక డిస్కు బయటికి రావాలి, కానీ తుప్పు దాన్ని చక్రం బిగించే హబ్బుకు అంటిపెడుతుంది. తుప్పు వదిలించే నూనె పోసి, ఆగి, చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాలి. కొన్ని డిస్కులకు మరలు చెక్కిన రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తే డిస్కు తనే వెనక్కి జరుగుతుంది. బ్రేకు పొడిని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి, ముక్కుకు మాస్కు ఉండాలి.

అసలు నేర్పు హబ్బును శుభ్రం చేయడంలో ఉంది. తీగ బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దాలి. అక్కడ చిన్న తుప్పు పెచ్చు మిగిలినా కొత్త డిస్కు వంకరగా తిరుగుతుంది, ఆ అదురు కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బయటపడుతుంది. పక్కనే ఉండే ఏబీఎస్ సెన్సారుకు బ్రష్షు తగలనివ్వకూడదు. కొత్త డిస్కుకు పూసి వచ్చే నూనెను బ్రేక్ క్లీనరుతో తుడిచేయాలి.

కొత్త ప్యాడ్లు మందం. క్యాలిపర్‌లోని పిస్టన్ లోపలికి పోతేనే పడతాయి. హ్యాండ్ బ్రేకు కేబులు క్యాలిపర్‌కే ఉన్న కార్లలో పిస్టన్‌ను ఊరికే నొక్కితే పాడవుతుంది. తగిన పనిముట్టుతో నొక్కుతూ తిప్పాలి. ఆ సమయంలో పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగకుండా చూసుకోవాలి, రంగు మీద పడితే రంగు లేస్తుంది. జారే పిన్నులకు బ్రేకు గ్రీజు రాయాలి, ప్యాడు ముఖానికి మాత్రం గ్రీజు మరక అంటకూడదు. బోల్టులు ఎంత బిగువు ఉండాలో కారు పుస్తకం చెబుతుంది, ఆ అంకెకు టార్క్ పానాతోనే బిగించాలి. కారు కదిలించే ముందు పెడలు గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిస్తే మొదటి బ్రేకు పడదు.

ఎక్కడ ఆగాలి

మీట నొక్కితే పడే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉంటే, స్కానరుతో సర్వీసు మోడులో పెట్టకుండా పిస్టన్‌ను ముట్టకూడదు. బ్రేకు ఆయిల్ కారుతున్నా, మరలు చెడినా మెకానిక్కును పిలవాలి. మొదటిసారి చేసేవారు తెలిసిన చేతిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. మా తాత కందెన తనే వేసేవాడు, చక్రం ఆకు విరిగితే వడ్లాయన దగ్గరికే పోయేవాడు. తన చేతి హద్దు తెలియడం కూడా ఆ విద్యలో భాగమే.

డబ్బు మిగలడం ఈ పనిలో చిన్న లాభం. బ్రేకు లోపల ఏముందో చూసినవాడు దిగుడులో వేగం ముందే తగ్గిస్తాడు, తేలికపాటి గీకుడు చప్పుడునూ వింటాడు. ఆ శ్రద్ధను ఏ బిల్లూ ఇవ్వదు.

కొత్త డిస్కులను నేరుగా అనంతగిరి ఘాటుకు తీసుకుపోకూడదు. పరిగి వైపు ఖాళీ దారిలో ఓ మోస్తరు వేగం నుంచి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడనివ్వాలి. పరిగి చేరాక నేను కారు ఆపి రెండు వెనుక చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి వేడి చూస్తాను. ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ ఏదో పట్టుకుంటోందని అర్థం. తర్వాత పానా తీసి నట్లు మరోసారి చూస్తాను. మా తాత కూడా మొదటి మజిలీలో ఎడ్లకు నీళ్లు పెట్టే ముందు వంగి శీల ముట్టి చూసేవాడు.