రాజు పేరు ముందు అంకె

సింహళ రాజుల గురించి ఏం రాయాలన్నా ముందు తెల్లకాగితం మీద వరస గీసుకోవడం నాకు అలవాటు. పేర్లు గబగబా పడిపోతాయి. ఆ పేరు ముందు ఒకటో, రెండో, ఆరో అని వేయాల్సిన చోటే కలం ఆగుతుంది. 1153 నుంచి 1186 దాకా పొలొన్నరువలో ఏలినవాడు మొదటి పరాక్రమబాహు. 1412లో గద్దెనెక్కి, కోట్టే రాజధానిగా 1467 దాకా ఏలినవాడు ఆరో పరాక్రమబాహు. ఈ మధ్యలో కొలువు దంబదెనియకు, కురునాగలకు, గంపొలకు తిరిగింది. ఇళ్లు మారాయి, వంశాలు మారాయి. అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు తన దారిన తాను నడిచింది.

ఆ అంకెలు చాలావరకు తర్వాతి పండితులు జాబితాలు కూర్చుకుంటూ వేసినవి. ఆ కాలంవాళ్లకు వాటితో పనిలేదు. ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటరావులుంటే పొట్టి వెంకటరావు, మిల్లు వెంకటరావు అనుకోమా? రెండో అగ్గబోధి సింహళుల నోట కుడా అక్బో, అంటే చిన్న అక్బో. అది పిలుపు; అందులో మనిషి కనిపిస్తాడు.

అసలు చిక్కు శాసనాల్లో ఉంది. అనురాధపురం చివరి శతాబ్దాల్లో ఒక రాజు పట్టాభిషేక నామం సిరిసంగబో అయితే తర్వాతివాడిది అభా సలమెవన్, ఆ తర్వాత మళ్లీ సిరిసంగబో. రాతి మీద ఆ బిరుదొక్కటే ఉంటే అది ఏ రాజుదో లిపి తీరును బట్టీ, అందులో కనిపించే అధికారుల పేర్లను బట్టీ తేల్చుకోవాలి. జాఫ్నాను ఏలిన ఆర్యచక్రవర్తులదీ ఇదే పద్ధతి: సెగరాజశేఖరన్, పరరాజశేఖరన్, మళ్లీ మొదటికి. మన వేంగి చాళుక్యులు మాత్రం తక్కువ తిన్నారా, విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అన్న పేర్లనే తిప్పితిప్పి వాడారు. మూడో విజయాదిత్యుడంటే ఎవరా అని ఆలోచిస్తాం. గుణగ విజయాదిత్యుడంటే వెంటనే పోల్చుకుంటాం.

అంకె కొన్నిసార్లు పగవాళ్లను కూడా ఒకే వరసలో కూర్చోబెడుతుంది. మొదటి రాజసింహుడు సీతావాక రాజు. క్యాండీ మీదికి దండెత్తి అక్కడి కరళియద్దె బండారను తరిమేశాడు. బండార కూతురు పోర్చుగీసుల దగ్గర పెరిగి దోన కతరీనాగా బాప్తిస్మం పొంది, ఆ తర్వాత క్యాండీ రాణి అయింది. ఆమె కొడుకే 1635 నుంచి 1687 దాకా క్యాండీని ఏలిన రెండో రాజసింహుడు. తాతను వెళ్లగొట్టినవాడు ఒకటి, మనవడు రెండు! పట్టిక చదివేవాడు తండ్రీకొడుకులో, తాతామనవళ్లో అనుకుంటే తప్పెవరిది?

ఆ లెక్కన 1739 తర్వాత క్యాండీకి వచ్చిన నాయక రాజులకు మూడు నుంచి ఆరు దాకా అంకెలు పడాలి. మదురై నాయకులతో చుట్టరికం చెప్పుకున్న కుటుంబం వీళ్లది. శ్రీ విజయ రాజసింహ, కీర్తి శ్రీ రాజసింహ, రాజాధి రాజసింహ, శ్రీ విక్రమ రాజసింహ. నలుగురి పేర్లలోనూ రాజసింహ ఉన్నా ఒక్కరికీ అంకె లేదు, ముందున్న బిరుదులే సరిపోయాయి. 1815లో బ్రిటిషువాళ్లకు చిక్కి, 1832లో వేలూరులో చనిపోయిన చివరివాణ్ని ఆరో రాజసింహుడని ఎవరూ రాయరు. రాయకపోవడమే మేలని నా అభిప్రాయం.

నా కాగితం మీద ఇప్పటికీ తేలనిది రాణి లీలావతి. మొదటి పరాక్రమబాహు భార్య. భర్త పోయాక 1197లో ఒకసారి, 1209లో ఇంకోసారి, 1211లో మరోసారి పొలొన్నరువ గద్దెనెక్కింది, మూడుసార్లూ దిగిపోయింది. ఆమె నాణేల మీద ఉన్నది శ్రీ రాజ లీలావతి అని మాత్రమే. లంకను ఏలినవాళ్లను మొదటినుంచీ లెక్కపెట్టుకుంటూ వస్తే ఆమెకు ఒక అంకె ఇవ్వాలా, మూడివ్వాలా? మూడిస్తే ఆమె తర్వాత వచ్చిన ప్రతివాడి లెక్కా జరగాలి. నేను ఒకటే ఇచ్చి, మిగతా రెండుచోట్లా పేరు మాత్రం రాసి వదిలేశాను.