జ్ఞాపకం కాకముందు: యువరచయితల స్వగత రచనలపై కొన్ని మాటలు

యువరచయితలు తమ ఇటీవలి జీవితం గురించి, తిరిగిన ఊళ్ల గురించి, చదివిన పుస్తకాల గురించి, రాస్తున్న రాతల గురించి రాసుకునే వ్యాసాలకు మన సాహిత్యంలో ఇంకా ఒక పేరు కుదరలేదు. స్వగతం అనేవారున్నారు. చలం తన పుస్తకానికి పెట్టుకున్న 'మ్యూజింగ్స్' అనే మాటనే వాడుకునేవారూ ఉన్నారు. పేరు కుదరకపోవడం వల్లనే కాబోలు, పత్రికలు వీటిని పుట నిండడానికి వేసుకుంటాయి తప్ప విమర్శకులు వీటి జోలికి రారు. కథ అయితే శిల్పం అడుగుతారు, కవిత అయితే భావచిత్రం అడుగుతారు. వీటిని మాత్రం "సహజంగా ఉంది" అని ఒక్క మాట అని వదిలేస్తారు. తెలుగు నేలకు దూరంగా ఉండి తెలుగు చదువుకుంటున్న విద్యార్థి మొదట కలం పట్టేది తరచుగా ఇటువంటి వ్యాసం కోసమే. కనుక దీనిని పట్టించుకోకుండా పోవడం సబబు కాదని మా అభిప్రాయం.

ఈ వ్యాసాల్లో మాకు కనబడే ప్రధాన లోపం ఒకటి. ఇరవై రెండేళ్ల రచయిత అరవై రెండేళ్ల గొంతుతో మాట్లాడతాడు. నిరుడు చదివిన పుస్తకం తన జీవితాన్ని మలుపు తిప్పిందంటాడు. మలుపు తిరిగిందో లేదో తెలియాలంటే ఇంకా కొంత దారి నడవాలి కదా! మొన్నటి ప్రయాణాన్ని చెబుతూ "ఆ రోజులే వేరు" అన్నట్టు నిట్టూరుస్తాడు. ఎక్కిన బండి ఏది, దిగిన ఊళ్లో ఎవరింట్లో అన్నం తిన్నాడు, అక్కడివాళ్లు తనను ఏ భాషలో పలకరించారు అన్న సంగతులు ఆ నిట్టూర్పు కింద పడి కనబడకుండా పోతాయి. ఈ గొంతు అతనిది కాదు. మన పెద్దల ఆత్మకథలు చదివి ఎరువు తెచ్చుకున్నది.

పెద్దలకు ఆ గొంతు చెల్లుతుంది. ఎందుకు చెల్లుతుందో చూడాలి. దాశరథి కృష్ణమాచార్యులు 'యాత్రాస్మృతి' రాసేనాటికి తన కథ ఎటు పోయిందో ఆయనకు తెలుసు. నిజామాబాదు జైలు గోడమీద బొగ్గుతో పద్యం రాసిన కుర్రవాడు 1949లో 'అగ్నిధార' కవిగా బయటికి వస్తాడని తెలిసిన మనిషి ఆ జైలును తలచుకుంటున్నాడు. అందుచేత ఆ గోడకూ ఆ బొగ్గుకూ వాటంతట అవే విలువ వచ్చాయి. జ్ఞాపకం ఒక జల్లెడ. నలభై ఏళ్లు జల్లించిన తరువాత మిగిలినదానిని పెద్దలు మన ముందు పెడతారు. యువరచయిత చేతికి ఆ జల్లెడ ఇంకా రాలేదు. తన నిరుటి జీవితంలో ఏది గింజో ఏది పొట్టో అతనికి తెలియదు. తెలియకపోవడం లోపం కాదు, అదే అతని బలం. పెద్దలు పారబోసినది అతని దగ్గర ఇంకా చాటలోనే ఉంది.

ఈ మాట ఎవరిని చూసి అంటున్నామంటే, ఏనుగుల వీరాస్వామయ్యను చూసి. ఆయన యువకుడు కాడు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరేనాటికి యాభై ఏళ్ల వయసు వచ్చినవాడు, సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినవాడు. 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరేదాకా దారిలోని సంగతులు తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాస్తూ పోయాడు. ఆ మిత్రుడే 1838లో దానిని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. వయసు ఏదైనా, ఆ రచన జ్ఞాపకం కాదు. దారిలో ఉండి రాసినది. రేపటి మజిలీ ఎలా ఉంటుందో రాస్తున్నవాడికే తెలియదు. అందుకని మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో రాశాడు, సామాన్లు ఎక్కడ దొరకవో రాశాడు, ఏ దారి బోయీలకు కష్టమో రాశాడు, సుంకాల బాధ రాశాడు. కృష్ణ దాటి నిజాం రాజ్యంలో హైదరాబాదు దాకా సాగిన ఆయన దారిని గురించి ఇవాళ మనకు తెలిసినదానిలో చాలా భాగం, ఏది ముఖ్యమో ముందుగా తేల్చుకోకుండా ఆయన రాయడం వల్లనే దక్కింది. మధ్యలో వచ్చే వేదాంత చర్చల దగ్గర పుటలు కొంచెం వేగంగా తిప్పాలనిపిస్తుందని ఒప్పుకుంటే భక్తులు మమ్మల్ని క్షమిస్తారని ఆశ. వ్యావహారిక భాషోద్యమం పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందు అంతటి వాడుక తెలుగు రావడానికీ కారణం ఇదే అనిపిస్తుంది. స్నేహితుడికి రాసే ఉత్తరంలో గ్రాంథికం ఎంతసేపని నిలుస్తుంది?

యువకుడి యాత్ర అనగానే చాలామంది సంజీవదేవ్‌ను తలచుకుంటారు. తలచుకోవలసిందే. 1914లో పుట్టి, చిన్న వయసులోనే తెనాలి దగ్గరి తుమ్మపూడి వదిలి హిమాలయాల దారి పట్టి, కులూలో రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ దగ్గర గడిపి, తిరిగి వచ్చి 1999లో కన్నుమూసేదాకా ఆ పల్లెటూరినే నివాసం చేసుకున్న మనిషి ఆయన. 'తెగిన జ్ఞాపకాలు' అన్న పేరులోనే కథను అతికించి చూపను అనే నిజాయితీ ఉంది. అయితే మాకు ఒక ఫిర్యాదు ఉంది. మనుషుల గురించి రాసేటప్పుడు సంజీవదేవ్ వాక్యం కళ్లకు కడుతుంది. కొండల గురించి, రంగుల గురించి రాసేటప్పుడు అది సౌందర్యశాస్త్రంలోకి జారిపోతుంది. కొండ పోయి, కొండను గురించిన ఆలోచన మిగులుతుంది. ఆయనను అనుకరించే కుర్రవాళ్లు ఈ రెండవదానినే పట్టుకుంటారు, అది తేలిక కనుక. ఆయన దగ్గర నేర్చుకోవలసినది వేరే ఉంది. ఒక పల్లెటూళ్లో కూర్చుని, ఉత్తరాల మీద, పుస్తకాల మీద దూరదేశాల మనుషులతో స్నేహం నడపవచ్చునని ఆయన చేసి చూపాడు. తుమ్మపూడి పోస్టాఫీసు కూడా ఆయన సాహిత్యంలో భాగమే.

చదువు గురించిన వ్యాసాల్లో మాకు కొరతగా తోచేది సరిగ్గా ఆ పోస్టాఫీసు. యువరచయితలు చదివిన పుస్తకాల పట్టిక ఇస్తారు, ఒక్కొక్కదాని మీద నాలుగు మాటలు అంటారు. ఆ పుస్తకం తమ చేతికి ఏ దారిన వచ్చిందో రాయరు. పుస్తకాల దుకాణం వీధి చివర ఉన్నవాడికి అది చెప్పదగిన సంగతి కాకపోవచ్చు. దుకాణమే లేనిచోట అదే అసలు కథ. పాత హైదరాబాదు సంస్థానంలో చదువు ఉర్దూలో సాగేది, తెలుగు పుస్తకం వెతుక్కుంటే తప్ప దొరికేది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టడం ఆ కాలానికి చిన్న పని కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన చేతి మీదుగా పుస్తకం కొనుక్కున్న పల్లెటూరి కుర్రవాడు ఆ రాత్రి దీపం దగ్గర ఏం చదివాడో, ఎంత అర్థమైందో అప్పుడే రాసిపెట్టుకుని ఉంటే మనకు ఎంత ఉపకారం జరిగేది! అమ్మినవాడి కథ దక్కింది. కొన్నవాడి కథ పోయింది.

రాయచూరు ప్రాంతానికి ఇది ఇంకా దగ్గరి సంగతి. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన రైలుమార్గమూ మద్రాసు వైపు నుంచి వచ్చిన మార్గమూ కలుసుకున్నది రాయచూరులోనే. అటువంటి కూడలి ఊరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. గద్వాల, అలంపురం తాలూకాలు అప్పుడు రాయచూరు జిల్లావే. 1953లో అలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. అంటే తెలంగాణ సాహిత్యంలో అంత పేరుపడ్డ ఘట్టం అప్పటి రాయచూరు జిల్లాలో జరిగిందన్నమాట. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి, ఆ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. సాహిత్య చరిత్రలు కూడా ఆ గీతను బుద్ధిగా పాటించాయి. గీతకు అటు పడిన అలంపురానికి గడియారం రామకృష్ణశర్మ ఉన్నారు. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు ఆయన పోయిన మరుసటి ఏడు, 2007లో, సాహిత్య అకాడెమీ పురస్కారం కూడా వచ్చింది. ఇటు పడిన తెలుగు ఇళ్లలో ఏం చదివారో, ఏ పత్రిక తెప్పించుకున్నారో, పిల్లలు కన్నడ బడికి పోవడం మొదలైన తరువాత ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలు ఏమయ్యాయో చెప్పే పుస్తకం మా బల్ల మీద లేదు.

చిక్కసూగూరు రాయచూరు నుంచి హైదరాబాదు పోయే రోడ్డు మీది ఊరు. ఆ రోడ్డునే ముందుకు పోతే దేవసూగూరు, 1985 నుంచి కరెంటు తీస్తున్న శక్తినగర్ థర్మల్ కేంద్రం, ఆపైన కృష్ణ. వంతెన దాటితే 2014 నుంచి తెలంగాణ. అటువంటి ఊళ్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన విద్యార్థి ఒకడు తన ఇటీవలి జీవితం గురించి వ్యాసం రాయడానికి కూర్చున్నాడనుకుందాం. అతను హిమాలయాలకు పోనక్కరలేదు. తన ఊరి పేరు దగ్గరే ఆగి చూడవచ్చు. 'చిక్క' అంటే కన్నడంలో చిన్న. తెలుగు చెవికి అది చిక్కని పాలలాగా వినిపిస్తుంది, చిక్కిపోయిన మనిషిలాగా కూడా వినిపిస్తుంది. వంతెన దాటి చుట్టాల ఊరికి పోతే బస్సు బోర్డు మీద లిపి ఎక్కడ మారిందో, గద్వాలలో ఉన్న మేనమామ కొడుకు బడిపుస్తకంలో ఉన్న ఏ పాఠం తనకు అసలు తెలియదో, ఆ రాత్రి దానిని తాను కూడబలుక్కుంటూ చదివితే అత్తయ్య ఏమన్నదో, ఇవి రాస్తే చదువు, ప్రయాణం, రాత మూడూ ఒక్క వ్యాసంలోకి వస్తాయి. ఇవి నలభై ఏళ్ల తరువాత రాద్దామనుకుంటే అత్తయ్య అన్న మాట గుర్తుండదు. గర్వమో బెంగో మాత్రం గుర్తుంటుంది.

రెండు భాషల మధ్య పెరగడం గురించి ఇటువంటి విద్యార్థులు తరచుగా సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు రాస్తారు. ఆ అవసరం లేదు. 1924లో రాయచూరు జిల్లా హెంబెరాళలో పుట్టిన శాంతరస ఉర్దూ గజల్‌ను కన్నడంలోకి తెచ్చి దానికి అక్కడ పీట వేశారు. 1925లో పుట్టిన దాశరథి అదే సంస్థానంలో అదే ఉర్దూ చదువు చదివి 1961లో 'గాలిబ్ గీతాలు' ఇచ్చారు. ఇద్దరికీ బడిలో పరాయి భాష మీద పడింది. ఇద్దరూ దానిని ఇంటిభాషకు సొమ్ముగా మార్చుకున్నారు. కన్నడ విద్యార్థులు శాంతరసను చదువుతారు, మన విద్యార్థులు దాశరథిని చదువుతారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవగలిగినవాడు గుంటూరులో దొరకడం కష్టం. రాయచూరులో దొరుకుతాడు. దొరికినవాడు ఆ పని చేయకుండా, విజయవాడ పత్రికల్లో వచ్చే వ్యాసం లాంటిదే తానూ రాయాలని తాపత్రయపడితే మాకు చిరాకు కలుగుతుంది.

ఇక దిద్దుబాటు సంగతి. ఇటువంటి రచనల్లో కన్నడ మాటలు దొర్లుతాయి. వాటన్నిటినీ ఏరివేసి వాక్యాన్ని శిష్టంగా చేయాలని కొందరు ఉపాధ్యాయులు అంటారు. సరిహద్దు యాస అంటూ ఉన్నవీ లేనివీ అన్నీ ఉంచాలని ఇంకొందరు అంటారు. ఈ రెండూ మాకు నచ్చవు. ఒక ఉదాహరణ చూద్దాం. మనం నుదుటిరాత అంటాం, కన్నడంలో 'హణెబరహ' అంటారు. 'హణె' నుదురు, 'బరహ' రాత. రెండు భాషలవాళ్లకూ నుదురు ఒక కాగితంలా కనబడిందన్నమాట, చదవడం మాత్రం ఎవరికీ రాలేదు. విద్యార్థి తన వ్యాసంలో 'హణెబరహ' అని రాస్తే ఉంచాలా, తీసివేయాలా? పంట పోయిన రోజున పక్కింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని అన్న మాటగా అది వస్తే దానిని తాకకూడదు. అర్థం కూడా పక్కన ఇవ్వనక్కరలేదు, సందర్భమే చెబుతుంది. రచయిత తన బాధను వర్ణిస్తూ, ప్రాంతీయత కనబడాలని తెచ్చి అతికించిన మాట అయితే కొట్టివేయడమే మంచిది. చేతిరాత ప్రతిలో ఈ రెండింటికీ తేడా ఒక్కొక్కసారి తెలియదు. అప్పుడు మేము అంచులో ఒక ప్రశ్న రాసి తిప్పి పంపుతాం: ఈ మాట ఎవరి నోట విన్నావు, ఎప్పుడు?