ఏడు రొట్టెలు, ఒక పాము

చావు లేని పాత్రను సృష్టించడం ఏ కథకుడికైనా సులువే. ఆ పాత్ర బాధను నమ్మించడమే కష్టం. గుండెలు బాదుకుని ఏడిస్తే, పోయేకాలమే లేనివాడికి ఇంకేం కావాలని పాఠకుడు విసుక్కుంటాడు. ఇంగ్లీషు ఫాంటసీ నవలల్లోని ఎల్ఫ్‌లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వెన్నెల్లో నిలబడి నిట్టూర్చడం తప్ప వాళ్లకు వేరే పనుండదు. ఈ చిక్కును దాదాపు మూడు వేల ఏళ్ల కిందటే ఒక మెసపొటేమియా కవి విప్పాడు. ఆ కథ మూలాలు వెతుక్కుంటూ వెళ్తే, మనవాళ్లు వేలమంది ఉద్యోగాలు చేసుకుంటున్న బహ్రెయిన్‌లో తేలతాం.

గిల్గమేష్ కావ్యానికి స్థిరపడిన రూపం సిన్-లెఖి-ఉన్నిన్ని అనే పండితుడి పేరు మీద ఉంది. నినెవేలో అసుర్‌బానిపాల్ రాజు గ్రంథాలయ శిథిలాల నుంచి లండన్ చేరిన మట్టి పలకల్లో జలప్రళయ కథ ఉందని 1872లో జార్జ్ స్మిత్ బయటపెట్టాడు. అది పదకొండో పలక. అప్పటినుంచీ అందరి కళ్లూ ప్రళయం మీదే. నాకు మాత్రం దాని తర్వాత వచ్చే రొట్టెలే గొప్ప.

స్నేహితుడు ఎంకిడు పోయాక, ఉరుక్ రాజు గిల్గమేష్‌కు తన చావు భయం పట్టుకుంటుంది. లోకం అంచున ఉన్న ఉత్నపిష్టిమ్‌ను వెతుక్కుంటూ వెళ్తాడు. ప్రళయం దాటాక దేవతలు చావు లేకుండా చేసింది ఆయన్నీ, ఆయన భార్యనీ మాత్రమే. ఆరు పగళ్లు, ఏడు రాత్రులు నిద్రపోకుండా ఉండి చూపించమని ఆయన పరీక్ష పెడతాడు. రాజు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రలోకి జారుకుంటాడు. లేచాక తను పడుకోలేదని బుకాయిస్తాడని ముసలాయనకు ముందే తెలుసు. అందుకే భార్య చేత రోజుకో రొట్టె కాల్పించి అతని తల దగ్గర పెట్టిస్తాడు, గోడ మీద రోజుకో గీత గీయిస్తాడు. తట్టి లేపితే రాజు అనుకున్నంత పనీ చేస్తాడు, ఇప్పుడే కన్ను మూతపడిందంటాడు. అప్పుడు రొట్టెలు లెక్కపెట్టమంటారు. మొదటిది ఎండిపోయింది. రెండోది తోలులా సాగుతోంది. మూడోది చెమ్మగిల్లింది. నాలుగోది తెల్లబారింది. అయిదోది బూజు పట్టింది. ఆరోది ఇంకా తాజాగానే ఉంది. ఏడోది నిప్పుల మీద ఉండగానే అతన్ని లేపారు.

ఇందులో వేదాంతం ఒక్క ముక్క లేదు. పనితనం లోపల దాగి ఉంది. ఆరు పగళ్లు, ఏడు రాత్రులన్న కొలతను కవి నాలుగు చోట్ల వాడాడు. అడవి మనిషి ఎంకిడు ఒక స్త్రీ పక్కన గడిపింది అంత కాలమే. ప్రళయం విరుచుకుపడిందీ అంతే. ఎంకిడు ముక్కులోంచి పురుగు రాలేదాకా శవాన్ని వదలకుండా గిల్గమేష్ ఏడ్చిందీ అంతే. చివరకు ఇక్కడ నిద్రపోయిందీ అంతే. ఆనాడు కళ్లముందు కుళ్లింది మిత్రుడి దేహం, ఈనాడు పాడైంది రొట్టె. కవి ఆ రెంటినీ కలిపి ఒక్క మాటా అనడు.

మరి ఆ చావులేనివాడి బాధ? అతను కంటతడి పెట్టింది ఒక్కసారే. వాన వెలిశాక ఓడ కిటికీ తెరిచి, మనుషులంతా మట్టిలో కలిసిపోయారని చూసినప్పుడు. ఆ తర్వాత ఏమీ చెప్పడు. గిల్గమేష్ మాత్రం అతన్ని చూసి తెల్లబోతాడు. పోరాడి గెలుద్దామని వస్తే, అచ్చం తనలాంటి మనిషే వెల్లకిలా పడుకుని ఉన్నాడు! చిరంజీవి జీవితాన్ని కవి ఆ ఒక్క భంగిమతో తేల్చేశాడు. పైగా, రాజును తీసుకొచ్చినందుకు ఉత్నపిష్టిమ్ పడవవాడైన ఉర్షనాబిని మళ్లీ ఈ రేవుకు రాకూడదని శపించి పంపేస్తాడు. ఇక ఆ ముసలి దంపతుల గడప తొక్కేవాళ్లు ఎవరు? కవి ఆ ప్రశ్న వేయడు.

చెప్పకుండా వదిలే ఈ విద్య ఆధునికుల్లో టోల్కీన్‌కు బాగా పట్టుబడింది. 1954-55లో మూడు భాగాలుగా వచ్చిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఎల్ఫ్ యువతి అర్వెన్ ఒక మనిషిని ప్రేమించి చావును కోరుకుంటుంది. ఆమె తండ్రి ఎల్రాండ్ చావులేని లోకానికి వెళ్లిపోతాడు. వాళ్లిద్దరికీ అదే ఆఖరి చూపు. ఆ ఘట్టాన్ని ఎవరూ చూడలేదని చెప్పి, తండ్రీకూతుళ్లను కొండల్లోకి పంపి తలుపు మూసేశాడు టోల్కీన్. భర్త పోయాక అర్వెన్ ఖాళీ అయిన అడవికి వెళ్లి ఒంటరిగా కన్నుమూసిన కథను కూడా అనుబంధంలోకి నెట్టాడు. మన మహాభారతంలోని సౌప్తికపర్వం దారి వేరు. మూడు వేల ఏళ్లు నెత్తురు, చీము కంపుతో, పలకరించే దిక్కు లేకుండా తిరగమని అశ్వత్థామకు కృష్ణుడి శాపం. అక్కడ దాపరికమే లేదు, అంతా పచ్చిపుండే. ఆ తీరుకూ బలం ఉంది.

మళ్లీ ఉత్నపిష్టిమ్ దగ్గరికి వస్తే, పాత సుమేరు కథలో ఈ ప్రళయ వీరుడి పేరు జియుసుద్ర, అతన్ని ఉంచిన చోటు దిల్మున్. రోగం, ముసలితనం ఎరగని నేలగా మరో సుమేరు కథ పొగిడిందీ దిల్మున్‌నే. అది బహ్రెయినే అని హెన్రీ రాలిన్సన్ 1880లోనే వాదించాడు. 1953లో మొదలైన డెన్మార్క్ వాళ్ల తవ్వకాలు ఆ వాదానికి బలమిచ్చాయి. చావు లేదన్న ఆ దీవిలో క్రీ.పూ. 2200-1750 నాటి సమాధి దిబ్బలు ఈనాటికీ 11,774 మిగిలాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆలి ఊళ్లో రాజుల దిబ్బలు ఇళ్ల మధ్యే కొండల్లా లేస్తాయి.

కథలోకి తిరిగొస్తే, పరీక్షలో ఓడినవాణ్ణి వట్టి చేతులతో పంపొద్దని భార్య జాలిపడితే, ముసలాయన రాజుకు నీటి అడుగున ఉన్న మొక్క గుట్టు చెబుతాడు. అది ముసలితనాన్ని పోగొడుతుంది. గిల్గమేష్ కాళ్లకు బరువైన రాళ్లు కట్టుకుని మునుగుతాడు, ముళ్లు గుచ్చుకుంటున్నా మొక్కను పీకుతాడు, రాళ్లు కోసేసుకుని ఒడ్డుకు కొట్టుకొస్తాడు. వీరుడి సాహసాన్ని కవి కూలీవాడి పనిలా వర్ణించాడు. ముత్యాల కోసం మునిగే బహ్రెయిన్ ఈతగాళ్లు ఇరవయ్యో శతాబ్దం దాకా ఇలాగే రాతి బరువుతో, ముక్కుకు ఫితామ్ అనే బిగింపు పెట్టుకుని దిగేవారు. సముద్రం అడుగున ఊరే తియ్యనీటి ఊటల నుంచి తోలుసంచుల్లో మంచినీళ్లు పట్టుకొచ్చేవారు. కావ్యంలో గిల్గమేష్ దిగిందీ అప్సు అనే తియ్యనీటి లోకంలోకే. ఇలాంటి ఈతగాళ్ల ముచ్చట్లు ఆ కవి చెవిన పడే ఉంటాయని నా నమ్మకం.

దారిలో రాజు చల్లని కొలనులో స్నానం చేస్తుండగా, మొక్క వాసన పట్టిన పాము దాన్ని కాజేసి కుబుసం విడిచి పోతుంది. బహ్రెయిన్ కోటలో, ఒక భవనం నేల కింద, పాముల అస్థిపంజరాలున్న మట్టి గిన్నెలు డెన్మార్క్ వాళ్లకు దొరికాయి. తవ్వకాల్లో ఉన్న జెఫ్రీ బిబీ వాటిని ఈ కథతోనే ముడిపెట్టాడు. గిన్నెలు కథ కన్నా బాగా తర్వాతివి కాబట్టి నేను అంత దూరం వెళ్లను. పాముకు అక్కడ ఏదో మర్యాద జరిగిందన్నంతవరకు ఒప్పుకుంటాను.

మొక్క పోయాక గిల్గమేష్ ఉర్షనాబితో ఉరుక్ చేరి, గోడ ఎక్కి ఇటుకలు చూడమంటాడు. మొదటి పలకలో కవి మనకు చెప్పిన మాటలే ఇప్పుడు రాజు నోట వస్తాయి. కావ్యం అక్కడితో అయిపోయింది. కానీ పన్నెండో పలక ఒకటుంది. పాత సుమేరు పాటకు అనువాదమైన ఆ అతుకులో, చచ్చిన ఎంకిడు ఏమీ జరగనట్టు బతికి కనిపిస్తాడు. ఆండ్రూ జార్జ్ ఇంగ్లీషు అనువాదం చేతికొస్తే పదకొండుతో ఆపేయండి. పన్నెండోదాన్ని వేరే పుస్తకమనుకుని ఇంకో రోజు చదువుకోవచ్చు.